పరదా వెనక పాచిక

ఆదివారం పొద్దున తాండూరు స్టేషన్లో హనుమంతు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. పెళ్లికో కలెక్టరాఫీసుకో తప్ప ఆ చొక్కా బీరువా దాటి బయటికి రాదు. ఇవాళ బొమ్మలాట చూడడానికి వచ్చింది. పక్కన బెంచీ మీద ఆయన కూతురు ప్రణవి ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని కూర్చుంది. పెట్టెలో దూది పరిచి, దూదిలో సైనికులను పడుకోబెట్టింది. ఒక్కొక్కడూ బొటనవేలంత కూడా ఉండడు.

బొమ్మలాట అంటే ప్రణవికి ఒళ్లు మండుతుంది గానీ తాండూరు జనానికి వేరే మాట దొరకలేదు. పెద్ద బల్ల మీద కొండలు, వాగులు పేర్చి, రెండు దండులను ఎదురెదురుగా నిలబెట్టి, టేపుతో అడుగులు కొలిచి, పాచికలు వేసి యుద్ధం ఆడతారు. వికారాబాద్ స్టేషన్ దగ్గర, మూతబడ్డ ట్యూషన్ సెంటర్ మేడ మీద ఈ ఆటకు ఒక క్లబ్బుంది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పెళ్లీడు పిల్ల ఆదివారం పూట బొమ్మలు వేసుకుని రైలెక్కడమేమిటని వాడకట్టులో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ల ముక్కు, వాళ్ల వేలు. మధ్యలో మనకేం పోయింది?

ఆ క్లబ్బు పెట్టింది షెహబాజ్. తాండూరులో పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు చేసి ఇవ్వడం అతని పని. మిగిలిపోయిన పళ్లసెట్ల మసాలాతో అచ్చు పోసి సైనికులను చేస్తాడు. అందుకని ఆ క్లబ్బులో మహారాజైనా సిపాయైనా పుట్టడం మాత్రం చిగుళ్ల రంగులోనే పుడతాడు. తర్వాత వాళ్లకు ఒంటిరంగు, బట్టలు, మీసాలు పెట్టేది ప్రణవి. వారమంతా రక్తపరీక్షల సెంటర్లో సూదులతో కుస్తీ పట్టే పిల్లకు చెయ్యి వణకదు, కుంచె కుదురుగా నిలుస్తుంది.

పెట్టెలో ఒక సైనికుణ్ణి మాత్రం విడిగా గుడ్డలో చుట్టింది. వాడి ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గీత వదిలేసింది. చిన్నప్పుడు గడప మీద పడి తెగిన గాటు అది. వాడు ఆమె అన్న సుశాంత్.

సుశాంత్ పోయి రెండేళ్లు. సరిహద్దు కొండల్లో గస్తీకి వెళ్లిన వాళ్ల మీద పైనుంచి కాల్పులు మొదలయ్యాయి. అందరూ రాళ్ల చాటుకు చేరారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు కింద మంచులో పడి అరుస్తున్నాడు. సుశాంత్ రాయి చాటు వదిలి, వాణ్ణి తేవడానికి తిన్నగా దిగాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. శవపేటికతో పాటు వచ్చిన ఆఫీసరు హనుమంతు చేతులు రెండూ పట్టుకుని, తనకొచ్చిన హిందీలో ఓపిగ్గా చెప్పాడు. తిన్నగా దిగితే ఎదురుగా తుపాకీ ఉంది. ఎడమ పక్క వాగులోంచి పాకుదామంటే ఆ వాగు మీదనే రెండు తుపాకులున్నాయి. దారి లేదు. తెలిసే వెళ్లాడు మీవాడు, అన్నాడు.

హనుమంతు ఆ మాట మీద బతికాడు. అతిశయోక్తి కాదు, నిజంగానే ఆ మాట మీదనే బతికాడు. ఆయనకు గంజ్‌లో విత్తనాల దుకాణం ఉంది. కందులు కొనడానికి వచ్చినవాళ్లు ఊరుకోరు కదా, "దోస్తు కోసం పోయి పాణం తీసుకునె పిలగాడు. జర ఆగితె ఏమైతుండె?" అంటారు. హనుమంతు తక్కెడ వైపు చూస్తూ "తొవ్వ లేకుండె" అంటాడు. అంతే. దారి లేదనే ఆ రెండు మాటలతో పొద్దున లేచేవాడు, ఆ రెండు మాటలతో అన్నం సయించేది. భార్య మనోరమ అంతకన్నా ఎక్కువ ఏనాడూ అడగలేదు. పటాలం నుంచి వచ్చిన నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో రాసిన కొడుకు పేరును రోజూ తడిగుడ్డతో తుడవడమే ఆమె పూజ.

అన్నీ సర్దుకున్నాయి అనుకునే వేళకే ఎవరో ఒకరు నోరు జారతారు. మొన్న బంట్వారంలో ఒక నిశ్చితార్థంలో, ఫోన్లో యుద్ధాల వీడియోలు తెగ చూసే చుట్టం ఒకడు ఆకు మీద పప్పుతో కొండ గీసి, "గీ ఎడమ దిక్కుకెల్లి పోవచ్చు గద మామా" అన్నాడు. వాడు తిని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. హనుమంతుకు మాత్రం ఆ మాట కంట్లో నలుసై కూర్చుంది. దుకాణం గచ్చు మీద కందిగింజలు పేర్చి కొండలు చేయడం మొదలుపెట్టాడు. బేరం వస్తే కాలితో చెరిపేవాడు, బేరం పోతే మళ్లీ పేర్చేవాడు.

ఒకరోజు కూతుర్ని అడిగాడు.

"మీ క్లబ్బుల గా కొండ పెడ్తరా బిడ్డా? ఒక్కసారి కండ్లతోని సూడాలె."

"ఏం సూస్తవు నాయినా?"

"తొవ్వ ఉండెనా, లేకుండెనా."

అడిగినవాడు తేటగానే అడిగాడు. కావలసిన జవాబు కూడా ఆయన ముఖం మీదే ఉంది, లేకుండె అని. ఆ చుట్టంగాడు పెట్టిన నలుసు తీసేసుకోవాలి, అంతే. కానీ ప్రణవికి అది కనపడలేదు. తండ్రి తన కొడుకు ఒక్కసారి, బొమ్మగా అయినా, బతికి రావడం చూడాలనుకుంటున్నాడని తనకు తానే అనుకుంది. ఆమె రోజూ కోరుకునేది అదే మరి. ఎవరి ఆకలి వాళ్లకు లోకమంతా కనిపిస్తుంది.

ఇక్కడ ఆ క్లబ్బు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. శత్రువు ఎక్కడ దాక్కున్నాడో ఆడేవాడికి తెలియకూడదు కాబట్టి, శత్రువు తూటాల పాచికలను మధ్యవర్తి ఒక అట్టముక్క వెనక వేస్తాడు. దాన్ని పరదా అంటారు. పరదా వెనక ఏం పడిందో చూసి, తగిలిందనో తగలలేదనో అరుస్తాడు. అయితే కొత్తగా వచ్చినవాడి మొదటి ఆటలో, పాచిక ఎట్లా పడ్డా కొత్తవాడికి మేలయ్యేట్టే అరవాలి. మొదటి ఆట కొత్తోడిదే, అన్నది అక్కడి మాట. ఓడినవాడు రెండో ఆదివారం రాడు కదా! ఆట అయ్యాక చాయ్ తెప్పించి, పరదా ఎత్తి, అసలు సంగతి చెప్పి అందరూ నవ్వుతారు. కొత్తవాడూ సిగ్గుపడి నవ్వుతాడు. ఆ నవ్వుతో క్లబ్బు మనిషవుతాడు.

ప్రణవి షెహబాజ్‌ను అడిగింది. "మా నాయిన మొదటి ఆట గద భాయ్. ఆనవాయితీ నడిపియ్యి. కాని పరదా ఎత్తకు."

మధ్యవర్తిగా కూర్చోబోయే షెహబాజ్ సరేనన్నాడు. అతనికి సుశాంత్ బడిలో దోస్తు. శత్రువు పక్షం ఆడాల్సిన లతీఫ్ చాచా మాత్రం గడ్డం గోక్కున్నాడు. ఆయన బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి, క్లబ్బులో అందరికంటే పెద్ద.

"పరదా ఎత్తకుంటె అది ఆట గాదు బిడ్డా, మోసమైతది" అన్నాడు.

"మా నాయిన రెండేండ్లకెల్లి నవ్వలేదు చాచా."

అంత మాట అన్నాక లతీఫ్ చాచా ఇంకేం అంటాడు? గడ్డం వదిలి తలూపాడు.

ఆ ఆదివారం క్లబ్బులో వార్షిక మేళా. జహీరాబాద్ నుంచి, పట్నం నుంచి కూడా ఆడేవాళ్లు వచ్చారు. మేడంతా పాచికల చప్పుడు, చాయ్ గ్లాసులు, గెలిచినవాడి కేకలు. బయట ముసురు పట్టి అనంతగిరి గుట్టలు కనిపించడం లేదు. హనుమంతు చేతులు వెనక్కి కట్టుకుని బల్ల బల్లకూ తిరిగాడు. ఒకచోట ఏనుగులు, ఒకచోట ఫిరంగులు. చచ్చిన సైనికులను ఆటగాళ్లు బల్ల మీదే అడ్డంగా పడేస్తున్నారు. అవి చెయ్యి తగిలి పడిపోయాయనుకుని ఆయన ఒక్కొక్కదాన్నే ఎత్తి నిలబెట్టసాగాడు.

"కాకా, గవి సచ్చినై. లేపొద్దు" అన్నాడొక పట్నం కుర్రాడు, నవ్వుతూ.

హనుమంతు చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆ కుర్రాడికి ఏం తెలుసు పాపం. ప్రణవి తండ్రిని చివరి బల్ల దగ్గరికి తీసుకుపోయింది.

ఆ బల్ల మీద కొండ ఉంది. తాండూరు నాపరాళ్ల పెచ్చులను మెట్లు మెట్లుగా అతికించి, పైన పళ్ల డాక్టర్లు వాడే తెల్ల పిండి చల్లి మంచు చేశాడు షెహబాజ్. సుశాంత్‌తో గస్తీలో ఉండి బతికి వచ్చిన ఒక సైనికుడితో ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడి, ఏ రాయి ఎక్కడుందో, వాగు ఎటు తిరిగిందో కనుక్కుని పేర్చాడు. హనుమంతు బల్ల చుట్టూ తిరిగి చూశాడు. గచ్చు మీద కందిగింజలతో పేర్చుకున్నదే ఇప్పుడు రాళ్లై లేచి నిలబడింది.

"గిదేనా?"

"గిదే నాయినా."

ప్రణవి గుడ్డ విప్పి సుశాంత్‌ను పెద్ద రాయి చాటున నిలబెట్టింది. హనుమంతు వంగి, కళ్లద్దాలు పైకెత్తి, వాడి ముఖంలోకి చూశాడు. కనుబొమ్మ మీది గాటు చూశాడు. చూపుడువేలితో వాడి తల మీద ఒకసారి తాకాడు, అంతే.

షెహబాజ్ ఆట చెప్పాడు. లోయలో పడి ఉన్న దోస్తు దగ్గరికి సుశాంత్‌ను నడిపించాలి, వాణ్ణి రాయి చాటుకు తేవాలి. ఒక విడతకు జానెడు నడక. నడిచిన ప్రతిసారీ లతీఫ్ చాచా తుపాకులు పేలతాయి. ఒక్కో తుపాకీకి ఒక్కో పాచిక. ఒకటి, రెండు పడితే తగలనట్టు. అంతకు మించి పడితే మనిషి పోయినట్టు.

"ఎటుకెల్లి పోతరు కాకా?"

హనుమంతు చాలాసేపు ఆలోచించాడు. పక్క బల్లల మీద యుద్ధాలు ముగిసి కొత్తవి మొదలయ్యాయి. చివరికి ఎడమ పక్క వాగును వేలితో చూపించాడు.

"గీడికెల్లి."

ప్రణవి పరదాకు లోపలి పక్క, షెహబాజ్ భుజం దగ్గర నిలబడి ఉంది. వాగు మీద రెండు తుపాకులు కాబట్టి షెహబాజ్ రెండు పాచికలు గ్లాసులో వేసి ఆడించి బోర్లించాడు. అయిదు, ఆరు.

"తగలలే!" అని అరిచాడు షెహబాజ్.

హనుమంతు జానెడు నడిపించాడు. గ్లాసు మళ్లీ బోర్లింది. నాలుగు, నాలుగు.

"తగలలే!"

పరదాకు అవతల అన్న వాగులో పాకుతున్నాడు. పరదాకు ఇవతల, ప్రణవి కళ్ల ముందు, ప్రతి విడతకూ చస్తున్నాడు. ఆమె ఒక్కతే చూస్తోంది. ఒక్కసారైనా రెండింటిలోనూ చిన్న అంకె పడితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. రెండు పాచికల్లో ఒకటి మేలు చూస్తే రెండోది కీడు చూసింది. ఆఫీసరు అబద్ధం చెప్పలేదు. ఆ వాగులోంచి కుక్కపిల్ల కూడా బతికి బయటపడదు. ఆ సంగతి అప్పుడే అరిచి చెప్పి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. కానీ తండ్రి ముఖం చూసి ఆమె పెదవి కొరుక్కుని ఊరుకుంది. రెండేళ్ల తర్వాత ఆ ముఖంలోకి రక్తం వచ్చింది మరి.

దోస్తు దొరికాడు. ఇద్దరూ వాగులోంచే వెనక్కి పాకారు. షెహబాజ్ గొంతు బొంగురుపోయింది. అయినా ఆనవాయితీ తప్పకుండా అరిచాడు. సుశాంత్ రాయి చాటుకు చేరాడు. చుట్టూ మూగినవాళ్లు చప్పట్లు కొట్టారు. కాకా మొదటి ఆటలోనే గెలిచాడని ఒకడు ఈల వేశాడు. ప్రణవి కళ్లు తుడుచుకుని తండ్రి నవ్వు కోసం చూసింది.

హనుమంతు నవ్వలేదు. వచ్చిన రక్తం ముఖంలోంచి దిగిపోతోంది. బల్ల అంచు పట్టుకుని, వాగును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తున్నాడు.

"అయితే తొవ్వ ఉండె" అన్నాడు.

"నాయినా..."

"ఉండె గద బిడ్డా. నేను గింజలమ్ముకునేటోన్ని. నాకు ఒక్క పూటల దొరికిన తొవ్వ వానికెందుకు దొరకలే? వాడు సిపాయి గద. నేర్పిన్రు గద వానికి. ఎడమ దిక్కు ఒక్కపారి సూస్తె అయిపోతుండె గద."

ప్రణవికి ఇప్పుడర్థమైంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, ఇక్కడ కోతి కూడా కాలేదు, అంతకంటే ఘోరమైంది. తండ్రికి కావలసింది కొడుకు బతకడం కాదు. బతికే వీలు లేదని తెలియడం. ఉన్న ఒక్క ఆసరానూ ఆమె తన చేతులతో లాగేసింది.

"ఆగు నాయినా, అది దొంగాట" అంది. షెహబాజ్ చేతిలోంచి అట్టముక్క గుంజి అవతల పారేసింది. "కొత్తోళ్లకు గట్లనే ఆడిపిస్తరు ఈడ. తూటాలన్ని తగిలినై. అన్ని! నా కండ్లతోని సూసిన. తగల్లేదని చెప్పమన్నది నేనే."

హనుమంతు కూతురి వంక జాలిగా చూశాడు.

"సప్పుడు చెయ్యకు బిడ్డా" అన్నాడు మెత్తగా.

"నిజం కాకా" అన్నాడు షెహబాజ్. "అమ్మీ తోడు. మల్ల ఆడదం రాన్రి. పరదా లేకుంట, మీ ముంగటనే ఏస్త."

సుశాంత్‌ను మళ్లీ రాయి చాటున నిలబెట్టారు. ఎడమ వాగులోకి దిగాడు. పాచికలు బల్ల మీదనే, అందరి ముందూ దొర్లాయి. మొదటి అడుగుకే పోయాడు. మళ్లీ నిలబెట్టారు. ఈసారి సగం దూరం పాకి పోయాడు. చుట్టూ ఉన్నవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. మూడోసారి షెహబాజ్ పాచికలను హనుమంతు చేతిలోనే పెట్టాడు. తండ్రి చేత్తో వేస్తేనైనా నమ్ముతాడని. హనుమంతు వేశాడు. ఆరు, మూడు. షెహబాజ్ బొమ్మను పడుకోబెట్టబోతే హనుమంతు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంతసేపు బత్కినోన్ని ఇప్పుడెందుకు సంపుతున్రు?"

షెహబాజ్ బొమ్మను వదిలేశాడు.

"నేను బాధపడ్తున్నని సూసి వాన్ని మల్ల మల్ల సంపుతున్రు. నాకెరుక లేదా? గా పాచికలకు ఏం మసాల పెట్టిన్రో, పళ్లకు పెట్టినట్టు."

లతీఫ్ చాచా లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఖుదా కసమ్ హనుమంతు భాయ్. మొదటిదే దొంగాట. ఇప్పుడాడిందే అసలుది."

"మీరంత మంచోళ్లు లతీఫ్ సాబ్" అన్నాడు హనుమంతు. "మంచోళ్లే గిట్ల అబద్ధమాడ్తరు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ముందు అబద్ధం నమ్మించారు. ఇప్పుడు నిజానికి సాక్షిగా నిలబడదామంటే వాళ్ల మాటకు విలువ లేకుండా పోయింది. హనుమంతు సుశాంత్‌ను బల్ల మీంచి తీసుకుని, చొక్కా జేబులో వేసుకుని, మెట్లు దిగాడు. లతీఫ్ చాచా ప్రణవిని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

తిరుగు రైల్లో జనం పెద్దగా లేరు. ధారూర్ దాటేదాకా హనుమంతు కిటికీలోంచి కందిచేలు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు మొదలుపెట్టాడు.

"సిన్నప్పుడు గూడ గంతే వాడు. కండ్ల ముంగట ఉన్న చెప్పులు దొరికేటివి గావు. అమ్మా నా చెప్పులేడున్నయని ఒర్రేటోడు."

ప్రణవి ఒళ్లో అట్టపెట్టె మూత నొక్కి పట్టుకుంది.

"నిలబడి సూసే గుణం లేదు వానికి. ఉరుకుడే. ఆగమాగం ఉరుకుడే. గా ఉరుకుడే పాణం తీసింది."

రెండేళ్లలో తండ్రి నోట కొడుకు గురించి ఒక్క నిందమాట ఆమె వినలేదు. అన్న వీరుడని కాదు ఆ మౌనం. తప్పు ఎవరిదీ కాదని. ఇప్పుడు తప్పు దొరికింది. వెతికి వెతికి చచ్చినవాడి మీదనే పెట్టాడు. బతికినవాళ్లు జవాబు చెప్పుకుంటారు, చచ్చినవాడు ఏం చెప్పుకుంటాడు? ప్రణవికి తండ్రి నోరు మూయాలనిపించింది, కాళ్ల మీద పడాలనిపించింది. ఎదురు సీట్లో ముసలామె ఒకతె వీళ్లనే చూస్తోంది.

"నాయినా, నీకు దండం పెడ్త. అన్నను అనకు. నన్ను తిట్టు. మోసం చేసింది నేను."

"నువ్వేం చేసినవు బిడ్డా? నువ్వు తొవ్వ సూపిచ్చినవు."

"అమ్మకు మాత్రం చెప్పకు. నీ కాల్మొక్త."

హనుమంతు ఆమె వైపు తిరిగాడు. కళ్లలో కోపం లేదు. ఉంటే కొట్లాడేది.

"మీ అమ్మకు నేను ఎన్నడన్న అబద్ధం చెప్పిన్నా?" అన్నాడు.

తాండూరులో దిగేసరికి ముసురు ఆగి, రోడ్డంతా నాపరాళ్ల బురద, తెల్లగా. ఇంటిదాకా హనుమంతు ముందు, ప్రణవి వెనక నడిచారు. ఆయన నడక ఏదో తొందర పని ఉన్న మనిషి నడకలా ఉంది. ప్రణవి ఆయన్ను దాటి ముందుకు పోయి, తల్లికి ముందే చెప్పేయాలనుకుంది. ఏమని చెప్పాలి? నాయిన నిజమనుకుంటున్నది అబద్ధం, నేను అబద్ధమని చెబుతున్నది నిజం, అనా? మాటలు కూర్చుకునేలోపే ఇల్లు వచ్చేసింది.

మనోరమ ముందరింట్లో చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతోంది. మొగుడు చొక్కా నలగకుండా వచ్చినందుకు సంతోషించింది.

"ఎట్లయింది ఆట? మంచిగున్నదా?"

"గెల్చినం" అన్నాడు హనుమంతు.

జేబులోంచి సుశాంత్‌ను తీసి, చాటలో, పప్పు మధ్యన నిలబెట్టాడు. మనోరమ చీర కొంగుతో చేతులు తుడుచుకుని వంగి చూసింది. కనుబొమ్మ మీద గాటు చూసింది. ప్రణవి వైపు మెచ్చుకోలుగా ఒక చూపు చూసింది.

"తొవ్వ ఉండె మనోరమా" అన్నాడు హనుమంతు. "ఎడమ దిక్కు. వాగులకెల్లి. వాడు సూడలే, గంతే. సూస్తె వస్తుండె."

"అమ్మా, కాదు. అదంత దొంగాట, నేనే..." ప్రణవి ఏడ్చేసింది.

మనోరమ కూతురి ముఖం చూసింది, మొగుడి ముఖం చూసింది. ఏడుస్తున్నది ఒకరు, ఏడవకుండా నిలబడ్డది ఒకరు. ఏడ్చేవాళ్లు దాస్తారని, ఏడవనివాళ్లు చెబుతారని ఆమెకు తెలుసు. ఇంట్లో చావు వచ్చినప్పుడు ఆమె చూసింది అదే. చాట మెల్లగా పక్కకు జరిపింది. లేచి లోపలింట్లోకి పోయింది.

హనుమంతు, ప్రణవి గుమ్మం దగ్గర ఆగిపోయారు. మనోరమ నల్ల ట్రంకు పెట్టె ముందు చతికిలబడింది. తుడవడానికి గుడ్డ తెచ్చుకోలేదు. తెల్ల అక్షరాల మీద ఉత్త అరచెయ్యి ఆనించింది. రెండేళ్లలో ఆ కొడుకును ఎన్నడూ ఒక్క మాట అనని తల్లి, బడికి చెప్పులు లేకుండా పోయిన పిల్లవాణ్ణి కసిరినట్టు, మెల్లగా కసిరింది.

"జర ఎడమ దిక్కు సూడొద్దా కొడుకా?"